పట్టాలు పోయాయి... ఊరు పోలేదు

*కొత్త పాంబన్ వంతెన మీద రైళ్లు నడుస్తున్నాయి. రామేశ్వరం స్టేషన్ మళ్లీ కిటకిటలాడుతోంది. అక్కడికి కాస్త దూరంలోనే అరవై ఏళ్లుగా బండి ఎరుగని స్టేషన్ ఒకటుంది. ఒకప్పుడు కొలంబో ప్రయాణికులు దిగిన ధనుష్కోడి అది. దాన్ని ముంచింది ఉప్పెనేనా? లేక ఇంకేమైనా ఉందా?*

ఎనిమిదేళ్ల అబ్దుల్ కలాంకు తొలి సంపాదన ఇచ్చింది ఓ రైలు. అదీ, ఆగని రైలు. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో రామేశ్వరంలో బండి ఆపడం మానేశారు. ఊరికి రావాల్సిన పత్రికల కట్టల్ని రామేశ్వరం రోడ్ దగ్గర నడుస్తున్న బండిలోంచే విసిరేసేవారు. ఊళ్లో పత్రికలు పంచే షంషుద్దీన్‌కు వాటిని అందుకోవడానికి మరో మనిషి సాయం కావాల్సి వచ్చింది. బంధువుల పిల్లాడు కలాం ఉండనే ఉన్నాడు. ఆ పని మీద చేతిలో పడ్డ డబ్బులు తెచ్చిన గర్వం ఎన్నో ఏళ్ల తర్వాత కూడా తనలో అలాగే ఉందని కలాం ఆత్మకథలో చెప్పుకున్నారు.

కట్టలు జారవిడిచిన ఆ బండి తిన్నగా ధనుష్కోడికి పోయేది. ఒక పక్క పాక్ జలసంధి, మరో పక్క మన్నార్ సింధుశాఖ, నడుమ నాలుకలా సాగిన ఇసుక. ఆ ఇసుక మీద ప్లాట్‌ఫాం, సిగ్నళ్లు, నీళ్ల ట్యాంకు, సిబ్బంది ఇళ్లు ఉండేవి. పట్టాలు జెట్టీ దాకా వెళ్లేవి. అక్కడ ఆవిరి ఓడ సిద్ధంగా ఉండేది. దక్షిణాదిలో రైలు దిగి ఓడెక్కి పొరుగు దేశం వెళ్లే రేవు స్టేషన్ అది.

మళ్లీ వార్తల్లోకి

2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు, ప్రధాని నరేంద్ర మోదీ కొత్త పాంబన్ వంతెనను ప్రారంభించారు. పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశాక రెండేళ్లకు పైగా బళ్లన్నీ ద్వీపానికి ఇవతలే ఆగిపోయాయి. తిరుపతి నుంచో సికింద్రాబాద్ నుంచో బయల్దేరిన మనవాళ్లు మండపంలోనో రామనాథపురంలోనో దిగి, మూటాముల్లెలతో ఆటోలు, బస్సులు పట్టుకునేవారు. ఇప్పుడు ఆ బాధ లేదు. రైలు నేరుగా రామేశ్వరం చేరుతోంది. స్వామి దర్శనం, ఇరవై రెండు తీర్థాల స్నానం అయ్యాక అందరూ అడిగే తర్వాతి ప్రశ్న ఒకటే: ‘ధనుష్కోడికి బండెంత?’

అక్కడికి వెళ్తే పైకప్పు లేని చర్చి, మొండి గోడలు, రైల్వే నీళ్ల ట్యాంకు శిథిలం కనిపిస్తాయి. వాటి ముందు గవ్వల దండలు, వేయించిన చేపలు, కొబ్బరిబోండాలు అమ్మే పాకలుంటాయి. సెల్ఫీలు దిగేవారిలో చాలామందికి తాము నిలబడింది అంతర్జాతీయ ప్రయాణికులు రైలు దిగిన చోటని తెలియదు.

ఒకే టికెట్‌తో కొలంబోకు

ఈ స్టేషన్ పుట్టుక వెనక భక్తి కన్నా వ్యాపారం పాలే ఎక్కువ. పందొమ్మిదో శతాబ్దంలో సింహళం (నేటి శ్రీలంక) కొండల్లో కాఫీ, ఆ తర్వాత తేయాకు తోటలు లేచాయి. వాటిలో పనికి తమిళ దేశం నుంచి కూలీలు వేలల్లో వెళ్లారు. వారి వెనకే బియ్యం, బట్టలు, ఎండుచేపల వర్తకం పెరిగింది. అప్పట్లో మద్రాసు నుంచి కొలంబో పోవాలంటే తూత్తుకుడి దాకా రైలు, అక్కడి నుంచి ఓడ. సముద్రం మీద ప్రయాణం చాలా ఎక్కువ. దాన్ని తగ్గించాలన్న ఆలోచనతో ఇంజినీర్లు పటం పరిస్తే, రెండు దేశాలూ చెయ్యి చాచుకున్నంత దగ్గరగా ఉన్న చోటు ధనుష్కోడి–తలైమన్నార్. రామసేతువు తిన్నెల మీదుగా అక్కడికీ వంతెన వేద్దామన్న ప్రతిపాదనా వచ్చింది. అది కాగితాల మీదే ఉండిపోయింది. చివరికి తేలింది మధ్యేమార్గం: ఇటు రైలు, నడుమ ఓడ, అటు రైలు.

ముందు ద్వీపానికి దారి వేయాలి. 1911లో మొదలైన పాంబన్ వంతెన 1914 ఫిబ్రవరి 24న తెరుచుకుంది. అదే ఏడు అటు సింహళంలో తలైమన్నార్ లైనూ సిద్ధమైంది. ‘బోట్ మెయిల్’ ధనుష్కోడి దారి పట్టింది. మద్రాసు ఎగ్మూరులో కొన్న ఒకే టికెట్‌తో ధనుష్కోడి దాకా రైల్లో, సుమారు 35 కిలోమీటర్లు ఓడలో, తలైమన్నార్ నుంచి కొలంబో ఫోర్ట్ దాకా మళ్లీ రైల్లో వెళ్లొచ్చు. ‘ఇర్విన్’, ‘గోషెన్’ అని ఒక వైస్రాయి, ఒక మద్రాసు గవర్నరు పేర్లున్న ఓడలు ఆ నీళ్ల మీద ఏళ్ల తరబడి తిరిగాయి.

ఇప్పటివారికి వింతగా తోచే సంగతి ఇంకొకటుంది. లైను రామేశ్వరం మీదుగా ధనుష్కోడి వెళ్లేది కాదు. పాంబన్ జంక్షన్‌లో రెండుగా చీలేది. దాదాపు 10 కిలోమీటర్ల పాయ రామేశ్వరానికి, 24 కిలోమీటర్ల పాయ ధనుష్కోడికి. ఓడకు అందించాల్సిన మెయిలు గుడి వైపు తిరగకుండా రేవుకే పోయేది. అందుకే కలాం ఊరివాళ్ల పత్రికలు గుడి దగ్గరి స్టేషన్‌లో కాక ‘రామేశ్వరం రోడ్’ దగ్గర నేల రాలాయి.

రైలు వెనకే ఊరూ వచ్చింది. కస్టమ్స్ కచేరీ, తంతి తపాలా ఆఫీసు, రైల్వే ఆసుపత్రి, బడి, రేవు కార్యాలయాలు, యాత్రికులకు సత్రాలు, హోటళ్లు, బట్టల కొట్లు వెలిశాయి. జాలరులు పట్టిన చేపలు రైలెక్కి దూర బజార్లకు పోయేవి.

---

బాక్స్: నోరు తెరిచే వంతెన

• పాత పాంబన్ వంతెన పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. 145 స్పాన్లు. నడుమ ఓడలకు దారినిచ్చే ‘షెర్జర్’ స్పాన్ ఉంది. దాని రెండు రెక్కల్నీ మనుషులు చేత్తో తిప్పి పైకి లేపేవారు.

• కొత్త వంతెనకు 100 స్పాన్లు. అందులో 72.5 మీటర్ల స్పాన్ మొత్తంగా నిట్టనిలువుగా పైకి లేస్తుంది. ఇదంతా మోటార్ల పని.

• 1988లో పాంబన్ రోడ్డు వంతెన వచ్చేదాకా ద్వీపానికి నేల మీది దారి రైలొక్కటే.

---

ఆ రాత్రి 653 నంబరు బండి

1964 డిసెంబరు 17న దక్షిణ అండమాన్ సముద్రంలో వాయుగుండం పుట్టింది. రెండు రోజుల్లో తీవ్ర తుపానైంది. 21 నుంచి వేగం పుంజుకుని పడమటి దారి పట్టింది. 22న సింహళంలో వవునియా మీదుగా దాటి, రాత్రికి ధనుష్కోడి మీద విరుచుకుపడింది. గాలి గంటకు 280 కిలోమీటర్ల దాకా ఉండి ఉంటుందని అంచనా. ఏడు మీటర్ల ఎత్తున ఉప్పెన లేచింది.

ఆ రాత్రి 11:55కు పాంబన్ నుంచి 653 నంబరు ప్యాసింజర్ ఆరు బోగీలతో రోజూలాగే బయల్దేరింది. అందులో 110 మంది ప్రయాణికులు, అయిదుగురు సిబ్బంది. ధనుష్కోడి ఇంకొన్ని వందల గజాలుందనగా సిగ్నల్ పడలేదు. దీపాలు కనబడలేదు. చుట్టూ చీకటి, వాన. డ్రైవర్ కాసేపు బండి ఆపి చూశాడని, చివరికి పొడుగ్గా కూత వేసి ముందుకు కదిలించాడని చెబుతారు. అంతలో సముద్రం లేచి వచ్చింది. బండి బండంతా నీళ్లలో కలిసింది. ఎక్కినవారిలో ఒక్కరూ దక్కలేదు. టికెట్ లేకుండా ఎక్కినవారినీ కలిపితే చనిపోయినవారు దాదాపు 200 మంది ఉంటారన్నది మరో లెక్క.

తంతి తీగలు తెగిపోయాయి. వంతెన విరిగిపోయింది. ఒక రైలు మొత్తంగా కొట్టుకుపోయిన కబురు రైల్వే పెద్దలు బయటికి ప్రకటించడానికి దాదాపు 48 గంటలు పట్టింది. అదీ మండపంలోని మెరైన్ సూపరింటెండెంట్ పంపిన సమాచారంతోనే. ఊళ్లో స్టేషన్, కస్టమ్స్ కచేరీ, ఆసుపత్రి, బడి, ఇళ్లు నేలమట్టమయ్యాయి. రెండు దేశాల్లో కలిపి చనిపోయినవారు సుమారు 1,800 మంది. బతికి బయటపడ్డ వేలమంది తిండీ నీళ్లూ లేక ద్వీపంలో చిక్కుకుపోయారు. ఆ రోజుల్లో సావిత్రి, జెమినీ గణేశన్ కూడా రామేశ్వరంలోనే ఉన్నారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఎరిగిన తెలుగువారికి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడా ఇక్కడా జనాన్ని ఎక్కువగా పొట్టన పెట్టుకుంది గాలి కాదు, ఉప్పెన నీరు. రెండుచోట్లా హెచ్చరిక చేరాల్సినవారికి చేరలేదు, చేరినా వెళ్లి తలదాచుకునే చోటు లేదు.

వంతెనకు 46 రోజులు, స్టేషన్‌కు ఎన్నడూ లేదు

తుపాను పాంబన్ వంతెననూ వదల్లేదు. 145 స్పాన్లలో 126 కొట్టుకుపోయాయి. ఓడలకు దారినిచ్చే షెర్జర్ స్పాన్ మాత్రం నిలబడింది. మరమ్మతుకు మొదట ఆరు నెలలు అనుకున్నారు, తర్వాత మూడు నెలలకు కుదించారు. పని అప్పగించింది ముప్ఫై రెండేళ్ల యువ ఇంజినీరుకు. తర్వాతి కాలంలో కొంకణ్ రైల్వేతో, ఢిల్లీ మెట్రోతో దేశమంతా పేరు మోగిన ఇ. శ్రీధరన్ ఆయనే. సముద్రంలో పడ్డ గర్డర్లను మత్స్యకారుల సాయంతో వెతికించి, పైకి తీయించి, మళ్లీ వాడారు. 46 రోజుల్లో వంతెన మీద బండి నడిచింది. ఆయనకు రైల్వే వెయ్యి రూపాయల బహుమతి ఇచ్చింది.

అంత పెద్ద వంతెనను నెలన్నరలో నిలబెట్టినవారికి ఇసుక మీద 24 కిలోమీటర్ల మీటరు గేజి పట్టాలు వేయడం ఓ లెక్కా? కాదు. కావాలనుకోలేదు, అంతే. దానికి కారణాలు ఉప్పెనకు ముందే పోగుపడి ఉన్నాయి.

స్వాతంత్ర్యం వచ్చాక రెండు దేశాల నడుమ రాకపోకలకు పాస్‌పోర్టులు, అనుమతులు అడ్డు నిలిచాయి. సింహళం 1948లో తెచ్చిన పౌరసత్వ చట్టంతో తోటల్లోని లక్షలాది తమిళులకు ఏ దేశమూ లేకుండా పోయింది. తుపానుకు రెండు నెలల ముందు, 1964 అక్టోబరు 30న రెండు దేశాల ప్రధానుల నడుమ శాస్త్రి–సిరిమావో ఒప్పందం కుదిరింది. 5,25,000 మందిని భారత్ వెనక్కి తీసుకోవాలన్నది అందులో మాట. యాభై ఏళ్లుగా మనుషుల్ని అటు పంపిన దారి ఇక వెనక్కి తెచ్చే దారి కాబోతోంది. వర్తకం పలచబడింది. అలాంటి దారికి ఓ పెద్ద రేవు స్టేషన్ పెట్టుకుని కూర్చోవాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఓడను రామేశ్వరం నుంచే నడపొచ్చని తేలింది. రామేశ్వరానికి రామనాథస్వామి ఉన్నాడు, ఏడాది పొడుగునా జనం ఉంటారు. ధనుష్కోడికి ఉన్నది ఓడ ఒక్కటే. అది పక్క రేవుకు మారగానే స్టేషన్‌తో పని తీరిపోయింది. మద్రాసు ప్రభుత్వం ఆ ఊరు మనుషుల నివాసానికి పనికిరాదని ప్రకటించేసింది. పాంబన్ నుంచి ఒకప్పటి కొమ్మ లైను అసలు లైనైంది, అసలు లైను ఇసుకలో పూడిపోయింది.

రామేశ్వరం–తలైమన్నార్ ఓడ మరో రెండు దశాబ్దాలు తిరిగింది. తోటల నుంచి తిరిగొచ్చినవారు దాని మీదే దిగి మండపం శిబిరంలో తలదాచుకున్నారు. వారిలో ఎక్కువమందికి తమిళనాడులో, కొందరికి ఆంధ్ర, కర్ణాటక, కేరళల్లో పునరావాసం దొరికింది. 1980ల్లో శ్రీలంకలో అంతర్యుద్ధం రాజుకోవడంతో ఆ ఓడా ఆగిపోయింది. ‘బోట్ మెయిల్’ అన్న పేరు మాత్రం చెన్నై–రామేశ్వరం బండికి ఇప్పటికీ ఉంది, పడవ లేకపోయినా.

---

బాక్స్: ఎదుటి ఒడ్డున ఏం జరిగింది?

తలైమన్నార్ స్టేషన్ కథ ఇందుకు తిరగేసి ఉంటుంది. తుపాను దెబ్బ తట్టుకున్నా యుద్ధం దెబ్బకు 1990లో ఆ లైను మూతపడింది. యుద్ధం ముగిశాక మన రైల్వే సంస్థ ‘ఇర్కాన్’ దాన్ని మళ్లీ వేసింది. 2015 మార్చి 14న మోదీ అక్కడే పచ్చజెండా ఊపారు. కొలంబో నుంచి తలైమన్నార్ పియర్ దాకా ఇప్పుడు రైలెక్కి వెళ్లొచ్చు. ఇటువైపు స్టేషన్ లేదు, నడుమ ఓడ లేదు. 2023 అక్టోబరులో భారత్–శ్రీలంక ప్రయాణికుల ఓడ మళ్లీ మొదలైంది గానీ, అది నాగపట్నం నుంచి కంకేశన్‌తురైకి.

---

కాశీకి పోయే ఇసుక

తెలుగువారికి ధనుష్కోడి అంటే రైలు కన్నా ముందు సేతువు. కాశీయాత్ర పూర్తి కావాలంటే రామేశ్వరం వెళ్లాలి. సేతుస్నానం చేసి, అక్కడి ఇసుక తీసుకెళ్లి ప్రయాగ త్రివేణిలో కలపాలి. గంగాజలం తెచ్చి రామనాథుడికి అభిషేకం చేయించాలి. మన ఇళ్లలో తాతమ్మల కాలం నుంచీ నడుస్తున్న సంప్రదాయమిది. రైలు లేనినాడు యాత్రికులు పడవల్లో పోయేవారు. కలాం తండ్రి జైనులాబ్దీన్ కొయ్య పడవ కట్టింది యాత్రికుల్ని రామేశ్వరం నుంచి ధనుష్కోడికి చేరవేయడానికే. ఆ పడవనూ ఓ తుపానే ఎత్తుకుపోయింది.

రైలు లేనప్పుడూ వచ్చారు, ఉన్నప్పుడూ వచ్చారు, పోయాకా వస్తూనే ఉన్నారు. విభీషణుడు రాముణ్ని శరణు వేడిన చోటని చెప్పే కోదండరామాలయం 1964 తుపానుకూ చెక్కుచెదరలేదు. ఇప్పుడు రామేశ్వరం నుంచి వెళ్లే ప్రతి బండీ దాని మీదుగానే పోతుంది.

పొమ్మన్నా పోనివాళ్లు

ప్రభుత్వ లెక్కలో ధనుష్కోడి నివాసానికి పనికిరాని చోటు. కానీ కొన్ని జాలరి కుటుంబాలు ఆ మాట చెవిన పెట్టలేదు. వల వేసే నీళ్లు ఇక్కడుంటే ఇల్లు ఎక్కడో కట్టుకుని ఏం చేస్తారు? రెండు సముద్రాల నడుమ బతకడం వారికి వెన్నతో పెట్టిన విద్య. మన్నార్ వైపు నీటిని మగ సముద్రమనీ, పాక్ వైపు నీటిని ఆడ సముద్రమనీ అంటారు. గాలి తిరుగుడును బట్టి ఏ పూట ఏ వైపు పడవ దించాలో తెలిసిన మనుషులు. తాగునీటికి ఇసుకలో చేత్తో నాలుగడుగులు తవ్వుతారు. చుట్టూ ఉప్పు సముద్రమైనా ఊరేది మంచినీరే. తవ్విన గుంట నాలుగు రోజులకు ఉప్పెక్కితే పక్కన ఇంకోటి తవ్వుతారు. ఈ పని ఆడవాళ్లదే.

దశాబ్దాల పాటు వారికి కరెంటు లేదు, రోడ్డు లేదు. ముకుందరాయర్ సత్రం దగ్గర తారు రోడ్డు అయిపోయేది. అక్కడి నుంచి తడి ఇసుక మీద వ్యాన్లు గెంతుకుంటూ పోయేవి. జబ్బు చేసినా, పురుడొచ్చినా అదే దారి. 2017 జులైలో ఇసుక కొసనున్న అరిచల్‌మునై దాకా తొమ్మిదిన్నర కిలోమీటర్ల రోడ్డు తెరిచారు. దాంతో సందర్శకులు వెల్లువెత్తారు. పాకల్లో బేరాలు పెరిగాయి. ఇసుక మీద వ్యాన్లు నడిపి బతికినవారికి మాత్రం ఆ బేరం పోయింది. పొద్దుగూకేసరికి పోలీసులు సందర్శకుల్ని పంపించేస్తారు. ఆ తర్వాత మిగిలేది ఊరివాళ్లే.

రైలు మళ్లీ వస్తుందా?

వస్తుందనే ఒకసారి అనుకున్నారు. 2019 మార్చి 1న రామేశ్వరం–ధనుష్కోడి లైనుకు ప్రధాని శంకుస్థాపన చేశారు. దాదాపు 17 కిలోమీటర్లు, 208 కోట్ల రూపాయల అంచనా. ఆ తర్వాత పని కదల్లేదు. కావాల్సిన భూమి ఇవ్వడానికి తమిళనాడు ప్రభుత్వం సుముఖత చూపలేదు. పర్యావరణం మీద అభ్యంతరాలూ ఉన్నాయి. ఇసుక తిన్నెల్లో తాబేళ్లు గుడ్లు పెడతాయి. వలస కాలంలో రాజహంసలు దిగుతాయి. 2025 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఇక్కడ 500 హెక్టార్లకు పైగా ప్రాంతాన్ని రాజహంసల అభయారణ్యంగా ప్రకటించింది.

---

బాక్స్: ధనుష్కోడి కాలరేఖ

1914: పాంబన్ వంతెన ప్రారంభం, ధనుష్కోడికి రైలు

1964 డిసెంబరు 22–23: తుపాను, 653 ప్యాసింజర్ గల్లంతు

1966 ఏప్రిల్: తలైమన్నార్ నుంచి ధనుష్కోడికి ఈది పాక్ జలసంధి దాటిన మిహిర్ సేన్

2017: అరిచల్‌మునై దాకా రోడ్డు

2019: కొత్త రైలు మార్గానికి శంకుస్థాపన

2025: కొత్త పాంబన్ వంతెన, రాజహంసల అభయారణ్యం

---

రైలు రావాలనేవారి వాదనలోనూ పస ఉంది. కార్లు, వ్యాన్లు వందల్లో ఆ సన్నటి రోడ్డెక్కడం కన్నా ఒక బండి పదిమందినీ మోయడమే మేలని వారంటారు. కాదనేవారు చూపేది ఆ నేలనే. ఏటా ఆకారం మార్చుకునే ఇసుక మీద పట్టాలు ఎన్నాళ్లుంటాయన్నది వారి ప్రశ్న.

ఈ రెండు వాదనల్లోనూ వినపడాల్సిన గొంతు ఇంకొకటుంది. 1914లో స్టేషన్ కట్టింది కొలంబో పోయేవారి కోసం. 1964 తర్వాత వదిలేసింది ఆ ప్రయాణికులు లేరని. 2019లో మళ్లీ తలచుకుంది సందర్శకుల కోసం. మూడుసార్లూ లెక్కలోకి వచ్చింది వచ్చిపోయేవారే. ఆ ఇసుక మీదే పుట్టి పెరిగి, వంతెన విరిగిన రోజున గర్డర్లు వెతకడానికి అక్కరకొచ్చిన జాలరులు ఒక్కసారీ ఆ లెక్కలో లేరు.

కాబట్టి ముందు తేల్చాల్సింది రైలు సంగతి కాదు. నివాసానికి పనికిరాదన్న పాత ముద్ర పక్కనపెట్టి అక్కడి కుటుంబాలకు నీళ్లు, కరెంటు, బడి, వైద్యం, తుపాను వస్తే తలదాచుకునే గట్టి కట్టడం ఇస్తారా లేదా? రోడ్డు మీద వచ్చే డబ్బులో వారికి వాటా ఉంటుందా? ఉప్పుగాలికి ఏటికేడు రాలిపోతున్న స్టేషన్ గోడల్ని కాపాడే పని, అక్కడికొచ్చేవారికి 653 నంబరు బండి కథ చెప్పే పని వారి పిల్లలకే అప్పగించొచ్చు. ఆ ఊరి చరిత్ర వారికన్నా బాగా చెప్పగలవారు లేరు. ఇవన్నీ జరిగాక పట్టాలు వేసినా వేయకపోయినా ధనుష్కోడి బతుకుతుంది. ఇవేవీ జరగకుండా రైలొస్తే మాత్రం, అది మళ్లీ ఇంకెవరి కోసమో వచ్చిన రైలే అవుతుంది.